చప్పుడు చెప్పిన మాట

నలదమయంతుల కథలో ఒక చిన్న ఘట్టం ఉన్నది. కథ మీది తొందరలో చదువరులు దాన్ని తరచు దాటిపోతారు. కర్కోటకుని కాటుకు రూపం మారి, బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణ మహారాజు వద్ద సారథిగా బతుకుతున్న నలుడు, ఒక్క పగటిలో రథాన్ని విదర్భకు తోలుకొని వస్తాడు. అంతఃపురంలో ఉన్న దమయంతికి ఆ రథం కనిపించదు. దాని ఘోష మాత్రం వినిపిస్తుంది. మేఘం ఉరిమిందనుకొని నెమళ్లు కూశాయి. శాలలో కట్టివేసి ఉన్న నలుని పాత గుర్రాలు ఆ ధ్వనికి సంతోషించాయి. దమయంతి అదే ధ్వని విని, రథం తోలుతున్నవాడు నలుడే అయి ఉండాలని తలచింది. కంటికి కనిపించినది ఒక కురూపి. చెవికి వినిపించినది భర్త రథచోదన నైపుణ్యం. అయినా ఆమె విన్నంతమాత్రాన నిర్ణయానికి రాలేదు. కేశిని అనే పరిచారికను పంపి, బాహుకుని నడవడిని గమనింపజేసి, అతడు వండిన వంటను తెప్పించి రుచి చూసి, ఒక్కొక్క పరీక్ష తరువాతనే నమ్మింది. నెల్లూరు నేలను ఏలిన మనుమసిద్ధి ఆస్థానంలో వెలిగిన తిక్కన సోమయాజి తన భారత రచనకు శ్రీకారం చుట్టిన విరాటపర్వ కథలోనూ ఇటువంటిదే మరొకటి ఉన్నది. ఉత్తర గోగ్రహణ వేళ ద్రోణాచార్యుడు శంఖనాదాన్ని, రథఘోషను విని, ఎదురు వచ్చేవాడు అర్జునుడని పోల్చుకుంటాడు.

రథాల కాలం ఏనాడో ముగిసింది. బండి మోతను బట్టి దాని మంచిచెడ్డలు పసిగట్టే విద్య మాత్రం ముగియలేదు. అది ఇప్పుడు అంతఃపురాల్లో గాక, నూనె మరకలు పడిన షెడ్లలో, గ్రీజు చేతుల మనుషుల చెవుల్లో బతుకుతున్నది. ఆ విద్యకు గ్రంథాలు తక్కువ, గురువులు ఎక్కువ. నెల్లూరు తీరంలో ఒక కుటుంబం వాహనంలో పుట్టిన చిన్న చప్పుడు, దాని మూలం దొరకడానికి పట్టిన మూడు నెలల కాలం ఆ విద్య ఎటువంటిదో కొంత తెలియజేస్తాయి.

నెల్లూరు నుంచి తూర్పుగా మైపాడుకు పోయే దారి పాతిక కిలోమీటర్ల లోపే. పట్టణం దాటగానే వరిమళ్లు, కొబ్బరిచెట్లు కనిపిస్తాయి. తూర్పుకు పోయేకొద్దీ మళ్లు తరిగి రొయ్యల గుంటలు పెరుగుతాయి. గుంటల్లో నీటిని చిలికే ఏరేటర్ల మోత రాత్రింబవళ్లు ఆగదు. బకింగ్‌హాం కాలువ దాటితే ఇసుక, సరుగుడు తోపులు, ఆపైన సముద్రం. కంటికి ఎంత ఇంపైనదో, ఇనుముకు అంత శత్రువు ఈ సీమ. సముద్రపు నీటిలో బరువును బట్టి నూటికి సుమారు మూడున్నర పాళ్లు ఉప్పు ఉంటుంది. అల విరిగినప్పుడల్లా లేచే సన్నని తుంపర గాలిలో తేలుతూ ఊళ్లలోకి వస్తుంది. ఉప్పుకు తేమను పీల్చి పట్టుకొనే గుణం ఉన్నది. ఆ తేమలోని క్లోరైడు ఇనుము తుప్పు పట్టడాన్ని వేగిరపరుస్తుంది. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, బిగించిన బోల్టు తన గూటిలోనే ఉబ్బి, విప్పబోయిన చేతిని ఎదిరిస్తుంది. మైపాడు, కోడూరు, ఇసకపల్లి వంటి తీరగ్రామాల్లో కిటికీ ఊచలూ తలుపు గొళ్లాలూ సైకిలు చైన్లూ తొందరగా పాడైపోవడం అందరూ చూసేదే. బండి అడుగుభాగాన్ని మాత్రం ఎవరూ వంగి చూడరు.

దారుల సంగతి వేరే చెప్పాలి. ఈ జిల్లాకు వాన ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తుంది. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద పడుగుపాడు ప్రాంతంలో రైలు మార్గాన్ని, 16వ నంబరు జాతీయ రహదారిని సైతం దెబ్బతీసింది. అంతటి రహదారికే దిక్కులేనప్పుడు గుంటల గట్ల మీది మట్టిదారుల గతి ఊహించుకోవచ్చు. పైన నీటి పొర, అడుగున గుంత. చక్రం దిగేదాకా లోతు తెలియదు.

ఆ వరదల తరువాతి మాట ఇది. ఆ ప్రాంతపు రొయ్యల రైతు కుటుంబానికి ఏడుగురు కూర్చోగల డీజిల్ ఎస్‌యూవీ ఉండేది. తయారుచేసినవారి పేరు ఇక్కడ అనవసరం. ఈ జబ్బు ఏ బండికైనా రావచ్చు. పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపడం, మధ్యాహ్నం మేత బస్తాలు గుంటల దగ్గరకు చేర్చడం, నెలకొకసారి పెద్దావిడను నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోవడం, ఏడాదికొకసారి తిరుమల ప్రయాణం, అన్నిటికీ అదే బండి. ఉప్పునీటి బురదలో తిరిగి వచ్చిన రోజున పైభాగాన్ని తళతళలాడేట్టు కడిగేవారు. అడుగున బురద ఎండి రాలిపోయేది. ఉప్పు మాత్రం రాలిపోదు.

చప్పుడు ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేకపోయారు. ముందువైపు, అడుగున ఎక్కడో, ఏదో తగిలినట్టు ఒక చిన్న దెబ్బ. మొదటి వారం అందరూ విన్నారు. రెండో వారం ఇంటి యజమాని పాటల మోత కాస్త పెంచాడు. నెల తిరిగేసరికి ఆ చప్పుడు బండిలో ఒక భాగమైపోయింది. రోజూ వినే చప్పుడును మనసు లెక్కలోంచి తీసివేస్తుంది. రైలు కట్ట పక్కన కాపురమున్నవారు రైలు మోతకు నిద్ర లేవరు. చెవికి ఈ గుణం మేలు చేసే సందర్భాలు చాలా ఉన్నాయి గాని, వాహనం విషయంలో ఇది మేలు కాదు.

పొరుగూరి బంధువు ఒకరు బండి ఎక్కి, దిగగానే అడిగాడు. అప్పుడు గాని చికిత్సలు మొదలు కాలేదు. ఒకచోట ముందువైపు షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చారు. బండి కొంత మెత్తగా నడిచింది, చప్పుడు పోలేదు. మరొకచోట ఇంజన్‌ను అనుమానించి, దాని అడుగున ఉండే రబ్బరు మౌంటింగులు మార్చారు. చప్పుడు పోలేదు. ఇంకొకచోట ఇది డీజిల్ బండ్లకు సహజమేనని ధైర్యం చెప్పి పంపారు. వీరంతా మోసగాళ్లని అనుకోవడం తొందరపాటు. తరచుగా చెడిపోయే భాగాన్ని ముందుగా మార్చడం అనుభవం నేర్పిన అడ్డదారి. పదిమందిలో ఆరుగురికి అది పనిచేస్తుంది. ఏడోవాడి డబ్బు మాత్రం వృథా అవుతుంది.

డీజిల్ ఇంజన్ మాట పూర్తిగా అబద్ధం కాదు. డీజిల్ ఇంజన్‌లో ఇంధనానికి నిప్పురవ్వ అంటించరు. గాలిని గట్టిగా నొక్కి వేడెక్కించి, అందులోకి ఇంధనాన్ని చిమ్ముతారు. చిమ్మినదానికీ అంటుకున్నదానికీ నడుమ ఒక్క క్షణంలో అతి స్వల్పభాగం ఆలస్యం ఉంటుంది. ఆ వ్యవధిలో పోగైన ఇంధనం ఒక్కసారిగా మండటంతో డీజిల్ బండికి తనదైన ఆ టకటక పుడుతుంది. పెట్రోలు ఇంజన్‌లో చప్పుడు వేరు కారణంతో వస్తుంది. మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలడం వల్ల వస్తుంది. దానికి 1921లో అమెరికాలో థామస్ మిజ్లీ సీసం కలిసిన ఒక రసాయనాన్ని మందుగా కనిపెట్టాడు. ఇంజన్ చప్పుడు ఆగింది, ప్రపంచమంతటా బండ్ల పొగతో సీసపు విషం గాలిలో కలిసింది. పసిపిల్లల మెదడుకు ఆ విషం చేసే చేటు రుజువయ్యాక దేశాలు ఒక్కొక్కటిగా దాన్ని మానుకున్నాయి. మన దేశం 2000లో సీసం కలిపిన పెట్రోలు అమ్మకాన్ని ఆపివేసింది. చివరిగా అల్జీరియా 2021లో ఆపింది. ఒక చప్పుడును అణచడానికి వేసిన మందు వంద సంవత్సరాలు మనుషులను బాధించిందన్నమాట.

ఇక రైతు బండి దగ్గరకు వస్తే, అది చివరకు నెల్లూరు శివార్లలోని ఒక చిన్న షెడ్డుకు చేరింది. ఆ రోజు పెద్దావిడకు కంటి పరీక్ష ఉన్నది. పిల్లలు జేజి అని పిలిచే ఆమె వెనుక సీటులో కూర్చొని ఉన్నది. షెడ్డు మేస్త్రీ అరవైకి దగ్గరగా ఉన్న మనిషి. స్పానర్ పట్టుకోలేదు, బానెట్ తెరవలేదు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ఒక ప్రశ్న వేశాడు.

“ఎట్టాంటి చప్పుడు సామీ?”

“చప్పుడే మేస్త్రీ. అడుగున కొడతా ఉండాది.”

“గడగడా, టకటకా, గలగలా? యాదో ఒకటి జెప్పాల గదా!”

యజమాని తెల్లబోయాడు. మూడు నెలలుగా వింటున్న చప్పుడును మాటలో పెట్టాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. వెనుక సీటు నుంచి జేజి అందుకున్నది.

“గడగడ గాదు నాయనా. టక్కు... అంతే, ఒకే ఒక్క టక్కు. వట్టి కుండలో గులకరాయి యేసి ఒక్కసారి కదిపినట్టు. గుంతలో దిగేటప్పుడు గాదు, ఎక్కినాక వస్తది. బండి ఆపేటప్పుడు గూడా ఒకటి అంటది.”

“ఏ పక్క అమ్మా?”

“వాడేమో ముందు మధ్యలో అంటాడు. నాకు ఎడమ కాలి కింద ఇనిపిస్తది.”

మేస్త్రీ మొగంలో వెలుగు వచ్చింది. కంటిచూపు మందగించిన మనిషి చెప్పిన ఆ నాలుగు ముక్కల్లో చప్పుడు స్వరూపం, సమయం, సందర్భం, స్థానం అన్నీ ఉన్నాయి.

ఇక్కడ తెలుగు పలుకుబడి గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. ధ్వనిని అనుకరించే పదాలు ఈ భాషలో లెక్కకు మిక్కిలి. వాటిని పసిపిల్లల మాటలుగా, కవిత్వానికి అలంకారంగా మాత్రమే చూడటం అలవాటైపోయింది. కాని అవి కొలమానాలు. రెండుసార్లు పలికిన పదంలో రెండవదాన్ని వ్యాకరణం ఆమ్రేడితం అంటుంది. ఇంటర్మీడియట్ విద్యార్థి దాన్ని సంధి సూత్రంలో చదువుకుంటాడు. మెకానిక్‌కు ఆ ఆమ్రేడితం మరొక సంగతి చెబుతుంది. “టక్కు” అంటే ఒక్క దెబ్బ; ఏదో ఒక కీలు వదులై, బరువు అటునుంచి ఇటు మారినప్పుడు ఒకసారి కొట్టుకున్నది. “టకటక” అంటే దెబ్బ తిరిగి తిరిగి వస్తున్నది. కనుక తిరిగే వస్తువేదో ప్రతి చుట్టులోనూ తగులుతున్నది. చక్రమో, ఇరుసో, టైరులో గుచ్చుకున్న రాయో కావచ్చు. “గలగల” అంటే పలుచని రేకు వణుకుతున్నదో, చిన్న వస్తువులు కదులుతున్నవో. “కీచు”మంటే తడి లేని రాపిడి. కొన్ని బ్రేకు ప్యాడ్లకు అరుగుదల హద్దు చేరినప్పుడు కీచుమనడానికే ఒక చిన్న లోహపు నాలుకను అమరుస్తారు. “గుయ్”మని వేగంతోపాటు హెచ్చే మోతకు చక్రపు బేరింగు కారణం కావచ్చు. “లొటలొట” అంటే గూటికీ గుంజకూ పొత్తు చెడిందని అర్థం. చప్పుడు, సవ్వడి, సడి, అలికిడి, మోత, రొద, హోరు ఒకదానికొకటి బదులు కావు. సముద్రానికి హోరు ఉంటుంది గాని అలికిడి ఉండదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. రైతు నోటి మాటకూ నేతగాని నోటి మాటకూ పండితులు ఇచ్చిన గౌరవం అది. మెకానిక్ షెడ్డు కూడా అటువంటి సేకరణకు తగిన చోటు. బుష్, లింక్ రాడ్, బాల్ జాయింట్ వంటి అరువు మాటల పక్కనే టక్కులూ లొటలొటలూ అక్కడ సమానంగా కాపురం చేస్తాయి.

చప్పుడుతో లోపలి స్థితి తెలుసుకోవడం ఒక్క షెడ్డు విద్యే కాదు. కుమ్మరి వద్ద కుండ కొనే ఇల్లాలు వేలి గణుపుతో కొట్టి చూస్తుంది. బీటలేని కుండ ఖంగుమంటుంది. బీట ఉన్నది బొంగురుపోతుంది. ఐరోపా వైద్యంలో రొమ్ము మీద వేళ్లతో తట్టి రోగం గుర్తించే పద్ధతిని 1761లో ఒక గ్రంథంగా వెలువరించిన ఆవెన్‌బ్రుగ్గర్ ఒక పూటకూళ్లవాని కొడుకు. పీపాల మీద తట్టి లోపల సారాయి ఎంత ఉన్నదో తెలుసుకోవడం అతడు బాల్యంలోనే చూశాడని చెబుతారు. 1816లో పారిస్‌లో లానెక్ కాగితాన్ని గొట్టంగా చుట్టి రోగి రొమ్ముకు ఆనించి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకోవడం అదే విద్య. అవసరం లేకపోయినా చప్పుడు వినబడుతుంది. ఎక్కడిదో తెలియడమే కష్టం. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోయే ధ్వని ఉక్కులో 5,000 మీటర్లకు పైగా పోతుంది. చక్రం దగ్గర పుట్టిన దెబ్బ ఉక్కు చట్రం వెంట పరుగెత్తి డాష్‌బోర్డు కింద వినిపిస్తుంది. యజమాని ముందు మధ్యలో అన్నది అందుకే.

జేజి మాట విన్న తరువాత ఆ షెడ్డులో కేశిని పని మొదలైంది. మేస్త్రీ మొదట బండిలోని వస్తువులన్నీ దింపించాడు. జాకీ, స్పానర్లు, తూకపు రాళ్లు, కొబ్బరిబొండాల కత్తి, ఖాళీ నీళ్ల సీసాలు, ఎప్పటిదో ఒక దేవాలయపు ఇత్తడి చెంబు. యజమాని నవ్వాడు గాని, బండి చప్పుళ్లకు సీటు కింది సామాను కారణమైన సందర్భాలు మేస్త్రీకి తెలుసు. తరువాత బండి నిలబెట్టి ఇంజన్ వేసి, వేగం హెచ్చించి తగ్గించి విన్నాడు. టక్కు రాలేదు. అంటే ఇంజన్ నిర్దోషి. పాత మౌంటింగులు వృథాగా మారాయి.

ఆపైన బండిని ఒక పొడవాటి ప్రహరీ గోడ పక్కన, అద్దాలు దించి, మెల్లగా నడిపించాడు. గోడకు తగిలి తిరిగివచ్చే ధ్వనిలో ఏ పక్కదో తేటపడుతుంది. ఎడమ పక్కదే. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేట్టు స్పీడ్‌బ్రేకర్ మీద నేరుగా పోనిచ్చాడు; ఒక టక్కు వినిపించింది. తరువాత ఎడమ చక్రాన్ని మాత్రమే ఒక గుంతలో దించి ఎక్కించాడు. చప్పుడు హెచ్చింది. ఈ రెండు పరీక్షలకు తేడా ఉన్నది. మలుపుల్లో బండి ఒరగకుండా ఆపడానికి ముందుచక్రాల రెండింటినీ కలుపుతూ ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని కొసలను చక్రాల వైపు కలిపేవి లింక్ రాడ్లు. రెండు చక్రాలూ ఒకే ఎత్తు లేస్తే ఆ కడ్డీకి మెలి పడదు, లింకుకు పెద్దగా పని లేదు. ఒక్క చక్రం లేచినప్పుడే పని. కనుక లింకు ఒక్కటే చెడి ఉంటే స్పీడ్‌బ్రేకర్ మీద చప్పుడు దాదాపు ఉండకూడదు.

మేస్త్రీ లింకులు రెండూ విప్పించి, మళ్లీ నడిపాడు. చప్పుడు సగానికి సగం తగ్గింది. మూడు నెలలుగా విసిగిన యజమాని, “తగ్గింది గదా మేస్త్రీ, కొత్త లింకులు ఎయ్యి, పొయ్యొస్తాం” అన్నాడు. నిజానికి చాలా మరమ్మత్తులు ఇక్కడే ఆగిపోతాయి. కొత్త లింకులు వేస్తే ఆ సగం తగ్గుదల మిగులుతుంది. మిగిలిన సగాన్ని పాటలు కప్పివేస్తాయి.

మేస్త్రీ ఒప్పుకోలేదు. “అమ్మ ఆపేటప్పుడు గూడా వస్తదనింది గదా సామీ. లింకుకి బ్రేకుతో ఏం పని?”

చక్రాన్ని ఎత్తడంలో ఆయన ఒక మెలకువ పాటించాడు. చట్రం కింద జాకీ పెట్టి ఎత్తితే, ఆ బండి అమరికలో, స్ప్రింగు బలం కింది కీలును బిగలాగి పట్టి ఉంచుతుంది. వదులు కనబడదు. అంతకు ముందు చూసినవారు అలాగే ఎత్తి ఉంటారు. ఆయన కింది ఆర్మ్ అడుగున, చక్రానికి వీలైనంత దగ్గరగా జాకీ పెట్టి, టైరు నేలను విడిచేంత మాత్రమే లేపాడు. గడియారంలో మూడు, తొమ్మిది ఉండే చోట్ల చేతులు వేసి టైరును ఊపాడు. స్టీరింగు కీళ్లు గట్టిగా ఉన్నాయి. పన్నెండు, ఆరు ఉండే చోట్ల పట్టి ఊపితే సన్నని కదలిక తగిలింది. అది బేరింగుదో కీలుదో తెలియడానికి కుర్రవాడి చేత బ్రేకు తొక్కించాడు. బేరింగు వదులైతే బ్రేకు పట్టగానే కదలిక ఆగాలి. ఆగలేదు. అప్పుడు టైరు కింద ఇనుప కడ్డీ పెట్టి కుర్రవాడిని పైకి తన్నిపట్టమని, తాను పడుకొని బాల్ జాయింట్ మీద రెండు వేళ్లు ఆనించాడు. చెవి పని ముగిసి వేళ్ల పని వచ్చింది.

టక్కు.

మనిషి తుంటి కీలు ఎటువంటిదో బాల్ జాయింట్ అటువంటిది. గూటిలో ఒక గుండ్రని ఉక్కు తల అన్ని వైపులకూ తిరుగుతుంది. చక్రం ఎగిరి పడినా, పక్కకు తిరిగినా పట్టు వదలకుండా చేసేది అదే. లోపల గ్రీజు, బయట దుమ్ము చొరకుండా రబ్బరు తొడుగు ఉంటాయి. మెకానిక్కులు దాన్ని బూటు అంటారు. ఎడమ బూటుకు వేలు పట్టేంత చీలిక ఉన్నది. ఏ గట్టు మీది రాయి చీల్చిందో తెలియదు. ఆ చీలికలోంచి గ్రీజు కారిపోయింది. ఉప్పునీరు, సన్న ఇసుక లోపలికి పోయాయి. తుప్పు పట్టిన గూటిలో ఇసుక నూరినకొద్దీ తల అరిగింది, గూడు పెరిగింది. బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కు తగ్గబోయి ఆ ఖాళీలో ఒకసారి కొట్టుకునేది. లింకు కూడా అరిగిన మాట నిజమే. రెండు చప్పుళ్లు ఒకే చప్పుడులా కలిసి వినిపించాయి.

మేస్త్రీ యజమానిని కిందికి వంగమని ఆ కదలికను చూపించాడు. లింకు విరిగితే చప్పుడు పెరుగుతుంది, మలుపులో బండి కొంత ఒరుగుతుంది. ఇది గూటి నుంచి ఊడితే చక్రం బయటకు పడుకుంటుంది, స్టీరింగుకు పట్టు ఉండదు. మామూలుగా గుంతలోనో బ్రేకు వేసినప్పుడో ఊడుతుంది. రహదారి మీద వేగంలో ఉండగా ఊడితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. అంతకు ముందు ఆదివారమే ఆ కుటుంబం పిల్లలతో సహా జాతీయ రహదారి మీద గూడూరు దాకా పెళ్లికి పోయి వచ్చింది. యజమాని లేచి, పక్కన పడి ఉన్న పాత టైరు మీద కూర్చున్నాడు. కాసేపు మాట్లాడలేదు. జేజి మంచినీళ్లు తాగమన్నది.

విప్పడం ఒక పూటలో అయ్యే పని కాలేదు. ఉప్పు గాలికి బోల్టులు గూళ్లలో పాతుకుపోయాయి. మేస్త్రీ వాటిని నూనెతో తడిపి రాత్రంతా అలా వదిలేశాడు. మరునాడు కీలును పట్టి ఉన్న ఉక్కు దిమ్మెకు రెండు పక్కల నుంచి సుత్తితో చిన్న దెబ్బలు కొట్టి, దాని పట్టు సడలించాడు. కుర్రవాళ్లు బలంతో చేయబోయే పనిని ఆయన ఓపికతో చేశాడు. రెండు పక్కల కీళ్లూ ఒకే వయస్సువి కనుక కుడిది కూడా మార్చాడు. కొత్త లింకులు వేశాడు. ఆర్మ్ బుష్‌ల బోల్టులను మాత్రం చక్రాలు గాలిలో ఉండగా బిగించలేదు. బండిని నేల మీదికి దించి, తన బరువు తాను మోస్తున్నప్పుడే చివరి బిగింపు ఇచ్చాడు. వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు బుష్ ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చినిగిపోతుంది. ఈ చిన్న సంగతి పాటించకపోవడం వల్ల, కొత్త సామాను వేసిన బండ్లు కూడా కొన్నాళ్లకే తిరిగి చప్పుడు చేస్తాయి. చివరకు చక్రాల అలైన్‌మెంట్ చూపించుకొమ్మని పక్క షెడ్డుకు పంపాడు.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒకసారి తెచ్చి బోల్టులు చూపించాలనీ, రేవుకూ గుంటల మీదికీ పోయి వచ్చిన రోజున పైన కడిగినా కడగకపోయినా అడుగున మంచినీళ్లు కొట్టాలనీ, బూట్లను నెలకొకసారి వంగి చూడాలనీ చెప్పి చీటీ రాసిచ్చాడు. చీటీలో సామాను ధర, విప్పి బిగించిన కూలి ఉన్నాయి.

సాయంత్రం బండి మైపాడు దారి పట్టింది. కుమ్మరి గుంతల్లాంటి ఆ రోడ్డు మీద టక్కు లేదు. పాటలు పెట్టలేదు. ఏరేటర్ల మోత, దూరంగా సముద్రపు హోరు కిటికీలోంచి వచ్చాయి. కాలువ వంతెన దాటుతుండగా జేజి తల పక్కకు వంచింది.

“ఇంకేందో గలగలమంటా ఉండాదే!”

యజమాని మొగం పాలిపోయింది. బండి పక్కకు ఆపి అందరూ దిగారు. వెనుక తలుపు తీసి చూస్తే జాకీ. షెడ్డులో దింపిన సామాను తిరిగి వేసేటప్పుడు దాని పట్టీ బిగించడం మరిచారు. పెద్ద చప్పుడు ఉన్నన్నాళ్లూ ఈ చిన్నది ఎవరికీ వినిపించి ఉండదు. పిల్లవాడు జాకీని, స్పానర్లను ఒక పాత గోనెసంచిలో చుట్టి, తూకపు రాళ్లకూ ఇత్తడి చెంబుకూ నడుమ ఇరికించాడు. చెంబు ఎవరిదని జేజి అడిగింది. ఎవరికీ తెలియలేదు.